అబ్రహాం కొలతల రైఫిల్

అబ్రహాం మంచివాడు. ఈ ముక్క ముందే చెప్పేయడం మేలు, తర్వాత చెప్పడానికి సందు దొరక్కపోవచ్చు. ఫ్రీమాంట్‌లో చిప్పులు తయారుచేసే యంత్రాల కంపెనీలో ఇంజనీరు. ఆదివారం తెలుగు చర్చిలో కుర్చీలు వేయడం దగ్గర్నుంచి కాఫీ గిన్నెలు కడగడం దాకా అన్నిటికీ ముందుండే మనిషి. ఎవరింట్లో ఎవరు మంచం పట్టినా మొదట తలుపు తట్టేది అతనే. అతనికున్న జబ్బల్లా ఒక్కటే. భార్య లూసీ అతనికంటే బాగా రైఫిల్ పేలుస్తుంది. అది అతనికి అరగదు.

రైఫిల్ అనగానే కంగారు పడక్కర్లేదు. వేట కాదు, కొట్లాట అసలే కాదు. వెయ్యి గజాల అవతల నిలబెట్టిన కాగితం మీద వలయాలుంటాయి. నడిమి వలయంలో పడితే పది, కాస్త పక్కకు పోతే తొమ్మిది, ఇంకాస్త పోతే ఎనిమిది. అంతే ఆట. కాకపోతే గుండు అంతదూరం వెళ్ళేలోపు గాలి దాన్ని మూరెడో బారెడో పక్కకు నెట్టేస్తుంది. ఎంత నెడుతుందో ముందే అంచనా కట్టి, అంత ఎదురుగా జరిపి గురిపెట్టాలి. ఆ అంచనాలోనే ఉంది కిటుకంతా. 2006లో ఆఫీసు స్నేహితుడు గ్యారీ ఒక శనివారం శాక్రమెంటో అవతల కొండల్లో ఉన్న తన క్లబ్బుకు తీసుకెళ్ళాడు. అబ్రహాం బోర్లా పడుకుని ఒక్క గుండు పేల్చాడు, కాగితానికి తగిలింది. అంతే, పిచ్చి పట్టుకుంది. నెల తిరక్కుండా సొంతంగా ఒక మామూలు కంపెనీ రైఫిల్ కొనుక్కున్నాడు.

లూసీ మొదట్లో వెళ్ళింది కేవలం డ్రైవింగ్ కోసం. మధ్యాహ్నం ఎండలో తిరిగొచ్చేటప్పుడు అబ్రహాం స్టీరింగ్ మీదే కునుకు తీస్తాడు. అక్కడ ఆమెకు పనేముంది? గొడుగు కింద కుర్చీ వేసుకుని పుస్తకం చదువుకునేది. విసుగు పుడితే గ్యారీ దూరదర్శినికి కన్ను ఆనించి చూసేది. ఆమె హాస్పిటల్ ల్యాబ్‌లో రక్తపు స్లైడ్లు చూసే మనిషి. రోజంతా మైక్రోస్కోప్‌కి కన్ను అప్పగించి, ఏ కణం మామూలుగా ఉంది, ఏది తేడాగా ఉంది అని తేల్చడమే ఉద్యోగం. ఆ కన్నుకి నేల మీంచి లేచే సెగ గాలికి ఎటు వాలుతోందో, ఎంత వాలుతోందో ఇట్టే దొరికిపోయింది. "ఇప్పుడు పేల్చకండి, గాలి మారింది" అని ఆమె పుస్తకంలోంచి తలెత్తకుండా అన్నప్పుడల్లా గ్యారీ నోరు వెళ్ళబెట్టేవాడు. చివరికి ఒకరోజు అతనే పట్టుబట్టి ఆమెను పడుకోబెట్టి, అబ్రహాం రైఫిల్ చేతికిచ్చాడు. ఆ పూట ఆమె కొట్టినన్ని పదులు అబ్రహాం ఆ ఏడాది మొత్తం మీద కొట్టలేదు.

అప్పుడు అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది అబ్రహామే. చేతులు కొట్టాయి గాని కడుపులో మంట అప్పుడే మొదలైంది. కొత్తలో వచ్చే అదృష్టంలే అనుకున్నాడు. తర్వాతి నెలా అదే అదృష్టం. ఆ తర్వాతా అదే. క్లబ్బులో జనం అతన్ని లూసీ మొగుడిగా గుర్తుపట్టడం మొదలుపెట్టారు. చర్చిలో భోజనాల దగ్గర అబ్రహాన్ని సొంత అన్నలా చూసుకునే జూడ్ అనే కుర్రాడు పళ్ళెంలో బిర్యానీ పెట్టుకుంటూ ఒక మాట అన్నాడు.

"అన్నయ్యా, వదిన చేతిలో రైఫిల్, నీ చేతిలో గొడుగు. భలే సెట్ అయింది మీకు."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. పాస్టరు గారూ నవ్వారు. అబ్రహాం కూడా నవ్వాడు. ఇంటికొచ్చాక రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాడు. ఏమైందండీ అని లూసీ అడిగితే ఆఫీసు టెన్షన్ అన్నాడు. పాపం, ఆమె నమ్మి అల్లం టీ పెట్టిచ్చింది.

ఆలోచించగా ఆలోచించగా అబ్రహాం ఒక నిర్ణయానికి వచ్చాడు. లోపం తనది కాదు, రైఫిల్‌ది. ఇద్దరూ పేల్చేది ఆ ఒక్క రైఫిల్‌తోనే గదా అన్న సంగతి అతనికి తట్టకపోలేదు. తట్టింది గాని, దాన్ని కూర్చోమనలేదు. తన ఒంటికి తగ్గట్టు, తన కొలతలకు, ఒక రైఫిల్ చేయించుకోవాలి. అప్పుడు చూపిస్తాను అనుకున్నాడు. ఎవరికి చూపిస్తాడో మాత్రం పైకి అనలేదు.

మోడెస్టో దగ్గర బాదం తోటల మధ్య డెనిస్ అని ఒక ముసలాయన ఉన్నాడు. ఇంటి వెనక షెడ్డులో లేత్ మిషన్ పెట్టుకుని, పోటీలకు వెళ్ళేవాళ్ళకు రైఫిళ్ళు చేసిస్తాడు. 2011లో అబ్రహాం ఆయన దగ్గరికి వెళ్ళాడు, లూసీ కూడా వెంట వెళ్ళింది. డెనిస్ దగ్గర పని తొందరగా సాగదు. బ్యారెల్ కోసం వేరే ఊళ్ళోని తయారీదారుకు ఆర్డరు పెట్టాలి, అది రావడానికే నెలలు పడుతుంది. వచ్చాక దాన్ని లేత్‌కి ఎక్కించి, తూటా కూర్చునే అర తొలుస్తాడు. వెంట్రుకవాసి వంకర వచ్చినా ఊరుకోడు. అబ్రహాం ఆఫీసులో మైక్రాన్లతో కాపురం చేసే మనిషి కాబట్టి పక్కనే నిలబడి ఒకటే ప్రశ్నలు. డెనిస్ ఓపిగ్గా జవాబులు చెప్పేవాడు. ఓపిక అయిపోయినప్పుడు వెళ్ళి బాదం చెట్లకు నీళ్ళు పెట్టుకునేవాడు.

వెనకవైపు భుజానికి ఆనే చెక్కభాగాన్ని స్టాక్ అంటారు. దానికోసం డెనిస్ ఒక వాల్‌నట్ చెక్క తీశాడు. తేనెరంగు, దానిలో నల్లని చారలు. లూసీ దాని మీద చెయ్యి వేసి నిమిరింది. చీరల కొట్లో పట్టుచీర మడత మీద వేసినట్టు వేసింది చెయ్యి. డెనిస్ అబ్రహాం కొలతలు తీశాడు. మోచెయ్యి మడత నుంచి వేలి కొస దాకా, మెడ ఎంత పొడుగు, చెంప ఎముక ఎంత ఎత్తు, అన్నీ. తర్వాత మామూలుగా అడిగాడు, వెనక ఆనుడు పలకా చెంప పలకా ముందుకీ వెనక్కీ జరిగేలా పెట్టమంటావా, అప్పుడు మీ ఆవిడ కూడా వాడుకోవచ్చు గదా అని. నిజానికి ఈ రోజుల్లో అందరూ అలాగే పెట్టించుకుంటారు.

అబ్రహాం ఆరడుగుల మనిషి. లూసీ ఐదడుగులకు బెత్తెడు పైన.

"వద్దు. జరిగేవి ఏమీ వద్దు. నా కొలతకి ఫిక్స్ చేసెయ్యి," అన్నాడు అబ్రహాం.

జరిగే భాగాలుంటే ఎప్పటికైనా వదులవుతాయని ఒక కారణం కూడా చెప్పాడు. డెనిస్ కళ్ళద్దాల మీంచి ఒకసారి అతన్నీ ఒకసారి ఆమెనూ చూసి, సరేనని రాసుకున్నాడు. లూసీ చెక్క మీంచి చెయ్యి తీసేసింది. దారిలో ఏమీ అనలేదు. ఆమె ఏదైనా అంటే బాగుండునని అబ్రహామే అనుకున్నాడు, ఎందుకంటే జవాబు తయారుగా పెట్టుకున్నాడు. ఇంటి దగ్గరికి వచ్చాక మాత్రం, "మంచి చెక్క దొరికిందండీ మీకు," అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఏమైనా ఉందేమోనని అతను ఆ వారమంతా వెతికాడు. లేదు. దానికీ ఒళ్ళు మండింది.

మరుసటి ఏడు వేసవికి రైఫిల్ చేతికొచ్చింది. అబద్ధం చెప్పకూడదు, చూడముచ్చటగా ఉంది. చెంప ఆనిస్తే కన్ను దానంతట అదే గురి చూసే స్కోప్ మధ్యకు వచ్చి నిలబడింది. తక్కువ దూరంలో పరీక్షకు ఐదు గుళ్ళు పేలిస్తే ఐదూ ఒకే బొక్కలోంచి పోయాయి. అబ్రహాం ఆ కాగితాన్ని ఫ్రేము కట్టించి హాల్లో, పెళ్ళి ఫోటో పక్కన తగిలించాడు. కాలేజీ నుంచి సెలవులకు వచ్చిన కూతురు పర్సిస్ దాన్ని చూసి, "డాడీ, వాట్ ఈజ్ దిస్, ఒక హోల్‌కి ఫ్రేమా?" అంది. లూసీ ఒకసారి ముచ్చటపడి ఆ రైఫిల్ వెనక పడుకుని చూసింది. ఆమె వేలు ట్రిగ్గర్ దాకా అందలేదు. మెడ సాగదీస్తే కన్నుకి స్కోప్‌లో నల్లటి చంద్రవంక తప్ప ఏమీ కనపడలేదు. లేచి మోకాళ్ళు దులుపుకుని, పాత రైఫిల్ తనకు సరిపోతుందిలే అంది.

వెయ్యి గజాల దగ్గర అసలు సంగతి బయటపడింది. లూసీ పక్కన కూర్చుని గాలి చెబితే అబ్రహాం పదుల మీద పదులు కొట్టాడు. ఆమె చెప్పకపోతే ఎనిమిదులు, ఏడులు. ఇంతకుముందు తప్పు నెట్టడానికి రైఫిల్ ఉండేది. ఇప్పుడు ఆ దారి తనే మూసుకున్నాడు. గురిపెట్టిన చోటికి చచ్చినట్టు గుండు పోతోంది. తప్పు చోట గురిపెడుతున్నది ఎవరయ్యా అంటే జవాబు ఒక్కటే. అతనికి ఆ రైఫిల్‌ని చూస్తే కూడా కోపం వచ్చేది. ఆ ఏడాది అక్టోబరులో క్లబ్బు వార్షిక పోటీ ఉంది. అందులో ఎవరి గాలి వాళ్ళే చూసుకోవాలి, పక్కవాళ్ళు చెప్పకూడదు. ఈ ఒక్కసారి లూసీ కంటే ఒక్క పాయింటు ఎక్కువ వస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదు అని అతను చర్చిలో మోకాళ్ళ మీద ఉండి ప్రార్థన చేశాడు. దేవుడు విన్నాడో లేదో గాని, అడిగినందుకు అతనికే సిగ్గేసింది. అయినా మళ్ళీ అడిగాడు.

ఈ ఆటలో ఒక పద్ధతుంది. సగంమంది పేలుస్తుంటే మిగతా సగంమంది టార్గెట్ల కింద గోతిలో ఉండాలి. గొయ్యంటే పెద్ద కాంక్రీటు గోడ వెనక లోతైన కందకం. గుళ్ళు తలల పైనుంచి చిటపటమంటూ పోతుంటాయి. ప్రతి గుండుకీ టార్గెట్‌ని కిందికి లాగి, కొత్త బొక్క ఎక్కడ పడిందో వెతికి, దాంట్లో నారింజరంగు బిళ్ళ గుచ్చి, పాత బొక్కకు నల్ల స్టిక్కరు అంటించి, మళ్ళీ పైకి నెట్టాలి. వెయ్యి గజాల అవతల పడుకున్నవాళ్ళకు తమ గుండు ఎక్కడ పడిందో చెప్పేది ఆ బిళ్ళ ఒక్కటే. దాన్ని చూసుకునే తర్వాతి గురి సరిచేసుకుంటారు. గోతిలో ఉన్నవాడి మాటే వేదం.

మొదటి వంతులో అబ్రహాం పేల్చాడు, అతని టార్గెట్ కింద లూసీ ఉంది. పదులు బాగానే పడ్డాయి గాని మధ్యలో గాలి మోసం చేసి నాలుగు ఎనిమిదులు పెట్టింది. ఇరవై గుళ్ళకు నూట ఎనభై ఆరు. అతనికి ఇంతవరకూ రానంత మంచి స్కోరు. అతను పొంగిపోతూ గోతిలోకి దిగితే లూసీ ఎదురొచ్చి, "చాలా బాగా కొట్టారండీ," అని అతని చొక్కా మీద అంటుకున్న గడ్డి దులిపి, పాత రైఫిల్ పట్టుకుని పేల్చే గట్టు వైపు వెళ్ళింది. ఇప్పుడు అదే టార్గెట్ కింద అబ్రహాం, పేల్చే వంతు ఆమెది.

మొదటిది పది. రెండోది పది. మూడోది తొమ్మిది. తర్వాత పది, పది, పది. అబ్రహాం టార్గెట్ లాగుతున్నాడు, బిళ్ళ గుచ్చుతున్నాడు, పైకి నెడుతున్నాడు. చెమటలు కారుతున్నాయి. ఎక్కడో బజారులో కొన్న మామూలు రైఫిల్. దాన్ని పట్టుకుని ఆవిడ ఇలా కొడుతుంటే, ఏడాది ఎదురుచూసి, చెక్క ఎంచి, ఒంటికి కొలతలు తీయించి చేయించుకున్న తనదేంటి? ఇక తనకు ఏ సాకూ మిగలదు. ఆదివారం జూడ్‌కి ఏం చెప్పాలి?

తొమ్మిదో గుండుకి టార్గెట్ లాగాడు. బొక్క కనపడలేదు. కళ్ళు చికిలించి చూస్తే, నట్టనడుమ, బిళ్ళ ఉన్న బొక్కను ఆనుకునే ఉంది. రెండూ కలిసి ఒకటిగా ఉన్నాయి. అంత చక్కటి గుండు అతను ఆ గోతిలో ఎవరిదీ చూడలేదు. కుడి పక్కన ఎనిమిది వలయంలో, ఇందాక తను కొట్టిన గుండు బొక్క మీద లూసీ అంటించిన నల్ల స్టిక్కరు ఎండకు సగం ఊడి రెపరెపలాడుతోంది.

మిగతా సగం అతను గోటితో ఊడదీశాడు.

బిళ్ళను అందులో గుచ్చాడు. మధ్యలో ఉన్న రెండు బొక్కల మీదా స్టిక్కరు అంటించాడు. టార్గెట్ పైకి నెట్టాడు. ఇదంతా చేసింది తన చేతులే అని అతనికి తెలుసు. చేస్తున్నప్పుడే తెలుసు. ఎవరో చేయించారనీ మతి పోయిందనీ చెప్పుకునే వీలు లేదు. తన తప్పు గుండుని ఆమె ఖాతాలో వేశాడు.

గట్టు మీంచి చాలాసేపు గుండు రాలేదు. తర్వాత పదో గుండు వచ్చింది. ఎడమ పక్కన ఏడు వలయంలో పడింది. ఇది నిజంగానే పడింది. కుడికి పోయిందని బిళ్ళ చెబుతుంటే ఆమె గురిని ఎడమకు జరిపింది మరి. పదకొండోది కుడి ఎనిమిది. ఆ తర్వాత ఇక కుదురు లేదు. పదీ, ఏడూ, తొమ్మిదీ, ఎనిమిదీ, ఎటుబడితే అటు. అబ్రహాం ప్రతి బొక్కలోనూ బిళ్ళ సరిగ్గా, ఎంతో జాగ్రత్తగా గుచ్చాడు. ఇప్పుడంత నిజాయితీ ఎందుకో అతనికే తెలియాలి. ఆమెకు మొత్తం నూట డెబ్బై తొమ్మిది వచ్చింది.

అబ్రహాంకి మూడో బహుమతి ఇచ్చారు, చెక్క మీద ఇత్తడి రేకు. చేతులు కలుపుతూ గ్యారీ అతని భుజం చుట్టూ చెయ్యి వేసి ఒక సంగతి చెప్పాడు. లూసీ స్కోరు రాసింది అతనే. తొమ్మిదో గుండు కుడికి పోయే అవకాశమే లేదని, సెగ ఎడమకే వాలి ఉందని, తను కూడా దూరదర్శినిలో చూశాడట. టార్గెట్ మళ్ళీ లాగి సరిచూడమని అడుగు, అడిగే హక్కు నీకుంది అని ఆమెకు రెండుసార్లు చెప్పాడట. ఆమె వద్దందట. కింద ఉన్నది నా భర్త, ఆయన అన్నీ మైక్రాన్లలో కొలిచే మనిషి, ఆయన పెట్టాడంటే అక్కడే పడి ఉంటుంది అందట. నువ్వు అదృష్టవంతుడివి అబ్రహాం, అన్నాడు గ్యారీ. అబ్రహాం అవునన్నాడు.

లూసీ అలసిపోయానని చెప్పడంతో తిరుగు ప్రయాణంలో అతనే స్టీరింగ్ పట్టాడు. ఆ రోజు కునుకు రాలేదు. ఆమె కిటికీలోంచి ఎండిపోయిన కొండల వైపు చూస్తూ కూర్చుంది. పాత రైఫిల్ ఎవరికైనా ఇచ్చేద్దామంది. ఇకనుంచి గొడుగు కింద కూర్చుని పుస్తకం చదువుకుంటానంది. అతని గుండెలో ఒక మూల హాయిగా అనిపించింది. అనిపించిందని తెలిసి తన మీద తనకే అసహ్యం వేసింది. కాసేపటికి ఆమె మళ్ళీ మాట్లాడింది.

"నా కన్ను పాడైనట్టుందండీ. సెగ ఎడమకే వాలిందని ఒట్టేసి చెప్పేదాన్ని. అంత క్లియర్‌గా చూసింది కూడా తప్పయితే, ల్యాబ్‌లో ఇన్నాళ్ళూ ఎన్ని స్లైడ్లు తప్పు చదివానో. సోమవారం మా మేనేజర్‌తో మాట్లాడతా. నా స్లైడ్లన్నీ ఇంకొకరు రీచెక్ చేస్తే మంచిది."

అబ్రహాం కొంతదూరం డ్రైవ్ చేశాడు. మేనేజర్‌తో ఆమె నిజంగానే మాట్లాడుతుంది, అలాంటి మనిషి. చెప్పకపోతే ఆ కన్ను మీద ఆమెకు నమ్మకం ఇక తిరిగి రాదు. చెబితే తన మీద రాదు. దారిపక్కన రెస్ట్ ఏరియా కనిపిస్తే కారు లోపలికి తిప్పి, ఒక చెట్టు కింద ఆపి, ఇంజను కట్టేశాడు. ముందుకే చూస్తూ అంతా చెప్పాడు. స్టిక్కరు సంగతి, గోటి సంగతి, ఎవరి బొక్కలో బిళ్ళ గుచ్చాడో ఆ సంగతి. ఎందుకు చేశాడో కూడా చెప్పాడు. నువ్వు నాకంటే బాగా కొడుతుంటే చూడలేకపోయాను లూసీ, అన్నాడు.

ఆమె తిడుతుందని, ఏడుస్తుందని, దిగి వెళ్ళిపోతుందని అతను అనుకున్నాడు. ఆమె అతని వైపు తిరిగి ఒక్కటే అడిగింది.

"మరి నాది ఎక్కడ పడింది?"

"మధ్యలో. ముందు గుండుని ఆనుకుని, నట్టనడుమ."

ఆమె ముఖం విప్పారింది. పర్సిస్ పుట్టిన రోజున హాస్పిటల్ మంచం మీద చూశాడు ఆ ముఖాన్ని, మళ్ళీ ఇప్పుడే. "నాకు తెలుసు," అని నెమ్మదిగా తనలో తానే అనుకుంది. వేళ్ళు ఒళ్ళో గాలికి ఎదురు జరుగుతున్నట్టు కొద్దిగా కదిలాయి. కాసేపు అలాగే నవ్వుతూ ఉండిపోయింది. తర్వాత పక్కన ఎవరున్నారో గుర్తొచ్చింది కాబోలు, ఆ నవ్వు మెల్లగా ఆరిపోయింది.

"రేపు గ్యారీకి ఫోన్ చేసి మీరే చెప్పండి. ఇక నా టార్గెట్ మీరు లాగొద్దు," అని చెయ్యి చాపింది. "కీస్ ఇటివ్వండి."

అలాగే అన్నాడు. ఇచ్చాడు. దిగి చుట్టూ నడిచి వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నాడు. ఆమె సీటు ముందుకు జరుపుకుంది, అద్దం తన ఎత్తుకు సరిచేసుకుంది, కారు రోడ్డెక్కించింది. ఇక తన టార్గెట్ లాగొద్దన్న మాటకు అతనికి ఏడుపు రావాలి. రాలేదు. మధ్యలో పడిందని విన్నప్పుడు ఆమె ముఖం వెలిగిన తీరే కళ్ళ ముందు నిలబడింది. ఏ గుండుకీ తన ముఖం అలా వెలగలేదని, దాని మీద కూడా అతనికి అసూయగానే ఉంది.